పూడ్చిన మగ్గం గుంట

మా ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారని మిలిటరీ ఆస్పత్రి నుంచి కబురొచ్చిన రోజు మా వీధిలో ఒక్క పొయ్యి వెలగలేదు. మర్నాటి నుంచి ఒక్క పొయ్యి ఆరలేదు. ధర్మవరంలో మాది నేతగాళ్ల వీధి. ఎవరికైనా కష్టం వస్తే ముందు ఏడుస్తారు, తర్వాత వండుతారు. మా అత్తా నేనూ మూడు నెలలు సొంత పొయ్యి ముట్టించిన పాపాన పోలేదు.

ఇది తొంభైల చివరి మాట. సరిహద్దులో మందుపాతర పేలింది. అప్పటికి మా పెళ్లయి రెండేళ్లు. నేను హిందూపురం పిల్లను, మగ్గానికి ముందేదో వెనకేదో తెలియదు. ఆయన మాత్రం చిన్నప్పటి నుంచి వాళ్ల నాయన పక్కన కూర్చుని నేసినవాడు. నాయన పోయాక నేతతో ఇల్లు గడవక మిలిటరీకి వెళ్లాడు. మగ్గం ముందుగదిలో దుమ్ము కొట్టుకుని ఉండేది.

మా వైపు మగ్గానికి నేలలో గుంట ఉంటుంది. నేసేవాడు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఇంట్లోకి వచ్చినవాళ్లకు మనిషి నడుము నుంచి పైకే కనిపిస్తాడు. ఈ సంగతి నాకూ తెలుసు, మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసే ఆ ఘనకార్యం చేశాం.

ఆయన ఇంకా ఆస్పత్రిలో ఉండగానే వీధి మగవాళ్లు మా అరుగు మీద కూర్చుని ఆలోచన చేశారు. పెద్ద తలకాయ పక్కింటి పెద్దాయనది. మా మామకు నేత నేర్పింది తానేనని రోజుకోసారి చెప్పుకోకపోతే ఆయనకు అన్నం అరగదు.

"ఒంటికాలి మనిషి తిరిగే ఇంట్లో ఇంత గుంట ఉండాది. కర్ర జారి పడితే ఉండే కాలు కూడా పోతాది. పూడ్చేద్దాం పాండి" అన్నాడు.

అందరూ భేష్ అన్నారు. మగ్గం విప్పి కొయ్యలు అటక ఎక్కించారు. రెండు బండ్ల మట్టి తోలి, పైన నున్నటి కడప బండలు పరిచారు. ఒక్కడూ కూలి ముట్టలేదు. మా అత్త దండం పెట్టింది. నేనూ పెట్టాను, బుద్ధి గడ్డి తిని.

మా ఆయన ఏప్రిల్లో రైలు దిగాడు. స్టేషన్లో ఏడు శాలువాలు కప్పారు. ఏప్రిల్ ఎండలో ధర్మవరంలో శాలువా కప్పడం శత్రుసైన్యానికి కూడా తట్టని సంగతి. చెమటలు కక్కుతూ, చంక కర్రల మీద ఇల్లు చేరి, గడప దగ్గర ఆగిపోయాడు.

"గుంట యాడికి పోయె?" అన్నాడు.

"మేమే పూడిస్తిమప్పా! ఇంక నీకు పడే భయమే లేదు" అన్నాడు పెద్దాయన, ఛాతీ పొంగించి.

"మంచి పని చేసినారు మామా" అని మా ఆయన మంచం ఎక్కాడు. యాభై రోజులు స్నానానికీ దొడ్డికీ తప్ప దిగలేదు.

ఆ యాభై రోజులూ మేకకాళ్ల పులుసు తిన్నాం. కాలు పోయినవాడికి కాళ్ల పులుసే మందని ఎవరు కనిపెట్టారో గాని, పైవీధి నుంచి ఒక గిన్నె, కిందివీధి నుంచి ఒక గిన్నె. ఆ వేసవిలో మా వీధి కుక్కలు నడవలేనంతగా బలిశాయి. పెనుకొండ నుంచి చుట్టం ఒకాయన ఎముకలు కట్టే వైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. కట్టడానికి అక్కడ ఎముకంటూ ఉండాలి కదా! ఆ వైద్యుడు మా ఇంట్లో కాఫీ తాగి, కుడికాలు గట్టిగా ఉందని చెప్పి వెళ్లాడు.

వచ్చిన ప్రతివాళ్లూ ముందు దుప్పటి కింద కాలు లేని చోటు చూసేవాళ్లు, తర్వాతే మొహం. ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఏమడిగినా సరే అనేవాళ్లు. ఆస్పత్రివాళ్లిచ్చిన పెట్టుడు కాలు మూలన నిలబడి ఉండేది. మా ఇంట్లో నిలబడింది అదొక్కటే. ఆయన ఇక లేవడేమోనని నాకు భయం పట్టుకుంది. కాలు లేని మొగుడితో బతకగలను, మాట లేని మొగుడితో నావల్ల కాదు.

ఒక మిట్టమధ్యాహ్నం నూరో గిన్నె పులుసు ఆయన ముందు పెట్టి అరిచేశాను. "వీధి వీధంతా నీకోసం గుడ్డలు చింపుకుంటాండారు. నువ్వేమో గోడకు తిరిగి పడుకుంటావు. నీకింకా ఏం కావల్ల?"

ఆయన బండల వైపు చెయ్యి చూపించాడు.

"ఆస్పత్రిలో పడుకోని ఒకటే తలుసుకుంటాంటి. ఇంటికి పోతే నాయన గుంటలో కూర్చుంటా, ఆడ నా కాళ్లు ఎవురికీ కనపడవు అని."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. గోడవారనున్న గడ్డపార తీసుకుని బండ సందులో గుచ్చాను. ఆ చప్పుడుకి వీధంతా పరిగెత్తుకొచ్చింది. "మొగుడి దిగులుతో పిల్లకు పిచ్చి పట్టినాది" అని ఒకావిడ అప్పుడే తేల్చేసింది. ఎందుకు తవ్వుతున్నానో అరిచి చెప్పాను. పెద్దాయన గడప మీద కూలబడ్డాడు. "అరవై ఏండ్లు అట్లాంటి గుంటలోనే కూర్చుంటి. నాకు తట్టకపాయె కదమ్మా" అన్నాడు. తర్వాత లేచి నా చేతిలో గడ్డపార లాక్కున్నాడు.

నాలుగు రోజుల్లో గుంట తవ్వి మగ్గం నిలబెట్టారు. పెట్టుడు కాలు చెక్కల మీద జారుతుందని, రెండు చెక్కలూ కుడికాలికే అందేలా పెద్దాయన దగ్గరకు జరిపి కట్టాడు. మొదటి నెల చీర వంకరలు పోయింది. నేను పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టడం నేర్చుకున్నాను, అదీ వంకరే.

ఒకరోజు పెద్దాయన వచ్చి మగ్గం ముందు నిలబడ్డాడు. అలవాటుగా కిందికి చూశాడు. అక్కడ చీర తప్ప ఏమీ కనిపించలేదు. అద్దాలు పెట్టుకుని దాని మీదకు వంగాడు.

"రేయ్, ఈడ అంచు చూడు, పోగులు తప్పినావు. ఇదేం నేతరా, ఎనుముగొడ్డుకు కప్పనా? మీ నాయన పరువు తీస్తాండావు కదరా!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నీ కండ్లకే పొర వచ్చిండాది, పోయి చూపిచ్చుకో పో మామా!" అని మా ఆయన గుంటలోంచి అంతకంటే గట్టిగా అరిచాడు.

ఇంటికి వచ్చాక నేను కాక ఇంకొకరు ఆయన్ను తిట్టడం అదే మొదలు. ఆయన ఎదురు తిట్టడమూ అదే మొదలు. నేను వంటింట్లోకి వెళ్లి, వాళ్ల తిట్లు వింటూ కరువుతీరా ఏడ్చాను.