పది లక్షల ఇరవై రెండు వేల నూట పదిహేడు

రాయచూరు పత్తి మార్కెట్లో ముప్పై నాలుగేళ్లు తూకం గుమస్తాగా పనిచేసి దిగిపోయిన కేశవులు గారు జీవితంలో కనుగొన్న సత్యం ఒక్కటే. తమ ఇంటి కరెంటు మీటరు నంబరు 10,22,117 ప్రధాన సంఖ్య. ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించలేదు.

ఈ సత్యం ఊరికే తేలలేదు. వెయ్యి లోపలి ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిదింటితోనూ, పాత తూకం చీటీల వెనక, మూడు నెలలు భాగించి చూశారు. ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలింది.

తమ్ముడు ఈరేష్ ఇల్లు పంచుకుందామన్నప్పుడల్లా ఆయన మీటరు వైపు చెయ్యి చూపేవారు.

"భాగం కాని నంబరు కింద కూసొని హిస్సా అడుగుతవేందిరా? నూటరవై ఎనిమిదింటితోని కానిది నీతోనవుతదా?"

"ఇల్లడిగితే మీటరు చూపిస్తవేందన్నా! ఆరుమందిమి ఒక్క వంటింట్ల ఎన్నాళ్లుంటం?"

ఇల్లు చీలితే తన పెద్దరికం పోతుందని ఆయన భయం. ఆ మాట మాత్రం ఏ చీటీ వెనకా రాసుకోలేదు.

తొమ్మిదేళ్లు ఈ వాదానికి ఎదురు లేకపోయింది. ఒక ఆదివారం, పీయూసీ చదివే ఈరేష్ కూతురు హేమశ్రీ ఆ చీటీల కట్ట విప్పింది.

"పెద్దనాయనా, వెయ్యి కాడనే ఎందుకాపినవ్?"

"పది లక్షలకు వర్గమూలం వెయ్యే కదనే. అది దాటి చూసే పనిలేదు."

"మరి మీదున్న ఇరవై రెండు వేల నూట పదిహేడు?"

"తరుగు," అన్నారు కేశవులు గారు.

ఏ బస్తా తూచినా పై కిలోలను తేమకనీ గోనెకనీ కొట్టేసిన చెయ్యి అది. రైతులు ఒప్పుకున్న తరుగును గణితం ఒప్పుకోలేదు.

"వెయ్యిన్ని పదకొండును దాంతోనే గుణిస్తే మన నంబరు కంటే నాలుగెక్కువొస్తది," అంది హేమశ్రీ. "నాలుగంటే రెండు రెళ్లు. అందుకే ఒక దాంట్ల రెండు తీసి, ఇంకోదాంట్ల రెండు కలిపితే సరిపాయె. 1009, 1013."

కేశవులు గారు చేత్తో భాగించారు. మళ్లీ భాగించారు. రెండుసార్లూ సున్నాయే మిగిలింది.

"ఇంకేం సూస్తరు?" వంటింట్లోంచి ఆయన భార్య తులసమ్మ అరిచింది. "ఫైసలా చెయ్యుండ్రి. నా నడుమన్న నిలుస్తది."

ఆయన లెక్కకు తలవంచారు. పెద్దవాడు గనక తనకు 1013 వంతులు, తమ్ముడికి 1009 అని పత్రంలో రాయించారు. ముప్పై అడుగుల ఇంటికి ఆ తేడా ముప్పావు అంగుళం కూడా లేదు. నడిమి గోడకు పూసిన సిమెంటు దాన్ని మింగేసింది.

పోయిన నెల ఈరేష్ భాగానికి కొత్త మీటరు వచ్చింది. కేశవులు గారు కళ్లజోడు సవరించుకుని వెళ్లి చూశారు. చివరి అంకె నాలుగు. ఈసారి చీటీలు అక్కరలేకపోయాయి.

"సరిసంఖ్య రా ఈరేషూ," అన్నారు, గోడ మీదుగా, ఎంతో ఆపేక్షగా. "నీకా, ఇద్దరు పిల్లలాయె. జర సోంచాయించు."