చెమ్మ పట్టిన పురిటిగది

పాతపట్నంలో మా వీధిలో జగ్గమ్మ నీళ్లు పోయని పసిబిడ్డ లేడంటే కోతలు అనుకోకండి. నలభై ఏళ్లు పురిటిళ్లలో బాలింతలకూ పసివాళ్లకూ నీళ్లు పోయడమే ఆమె పని. మా అమ్మాయి శ్రావణికి ఆమే పోసింది. శ్రావణి కొడుక్కీ ఆమే పోసింది. ఆ రెండోదాని గురించి చెప్పాలంటే నాకు సిగ్గు, అయినా చెబుతాను.

బాలింతకు గాలి తగలకూడదన్నది జగ్గమ్మ పట్టుదల. కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కేది. గదిలో బొగ్గుల కుంపటి పెట్టి వాము, సాంబ్రాణి పొగ వేసేది. శ్రావణి పుట్టినప్పుడు మాది పెంకుటిల్లు. ఎంత కుక్కినా పెంకుల సందుల్లోంచి గాలి వస్తూనే ఉండేది, పొగ పోతూనే ఉండేది. ఆ సంగతి ఆమెకూ తెలీదు, మాకూ తెలీదు.

2015లో ఆ ఇల్లు పడగొట్టి స్లాబు వేశాను. హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు తెలియనిది లేదని నా పొగరు. వెంటిలేటర్లు పెడదామని మేస్త్రి అంటే, రేపు ఏసీ పెట్టుకునే గదికి కన్నాలెందుకన్నాను. రబ్బరు అంచులున్న అల్యూమినియం అద్దాల కిటికీలు పెట్టించి, మూస్తే దోమ కూడా దూరదని వచ్చినవాళ్లందరికీ చూపించాను.

మరుసటేడు డిసెంబరులో శ్రావణికి మగబిడ్డ పుట్టాడు. జగ్గమ్మ కుక్కడానికి చీర ముక్కలు పట్టుకుని గదిలోకి వస్తూనే గోడల పైకి చూసింది.

“పైన కన్నాలేవి బాబూ?”

“ఏసీ గదికి ఉండవు జగ్గమ్మా,” అన్నాను. ఏసీ అప్పటికి కొనలేదు, ఇప్పటికీ లేదు.

బయట ఎనిమిదింటిదాకా మంచు. లోపల కుంపటి, వేణ్ణీళ్ల ఆవిరి, మనుషుల ఊపిరి. వారం తిరిగేసరికి అద్దాల మీద లోపలివైపు నీళ్లు ధారలు కట్టి కిటికీ గాడిలో నిలవడం మొదలైంది. కిటికీ చుట్టూ గోడ మీద నల్ల చుక్కలు లేచి, నాలుగు రోజుల్లో బూజై పరుచుకున్నాయి. పరదా కదిపితే ముక్కిపోయిన వాసన.

“గది సెమట పడతన్నాది బాబూ. ఎక్కడో సలి దూరతంది,” అని జగ్గమ్మ చీర కొంగుతో అద్దాలు తుడిచి, కుంపట్లో ఇంకో గుప్పెడు బొగ్గులు వేసింది.

అది చలి దూరడం కాదు, ఆవిరి బయటికి పోలేకపోవడం. ఎనిమిదో తరగతి పాఠం. నేను చెప్పిన పాఠమే. నేనేం చేశానంటే, వియ్యపురాలు చూడ్డానికి వస్తుందని మిగిలిపోయిన డిస్టెంపరు తెచ్చి ఆ నలుపు మీద పూశాను. మూడో రోజుకి నలుపు మళ్లీ పైకి వచ్చింది.

పదిహేనో రోజున పిల్లాడికి దగ్గు పట్టుకుంది.

“నాన్నా, నాకే ఊపిరాడట్నేదు. ఒక్క అద్దం తియ్యి,” అంది శ్రావణి.

వెళ్లి కిటికీ మీద చెయ్యి వేశాను. మా ఆవిడ తవిటమ్మ గుమ్మంలోంచి, “బాలింతకి గాలి తగిల్తే ఏటవుతాదో మీకు తెల్సేటి?” అంది. చెయ్యి తీసేశాను. జగ్గమ్మ ఇంకో కుంపటి అంటించింది.

మర్నాటికి పిల్లాడు పాలు మానేశాడు. డొక్కలెగరేస్తున్నాడు. శ్రీకాకుళం తీసుకెళితే న్యుమోనియా అన్నాడు డాక్టరు. గదిలో పొగ పెట్టారా, గోడలకు చెమ్మ ఉందా, గాలి పోయే దారి ఉందా అని అడిగాడు. పెట్టాం, ఉంది, లేదు అని చెప్పాను. ఆయన నా వంక చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. మూడో రోజు సాయంత్రం బిడ్డ పోయాడు. బారసాలకు రెండు రోజులుంది. వాడికి పేరు లేదు.

తవిటమ్మ ఏడుపంతా జగ్గమ్మను తిట్టడంగా మారింది. వీధంతా ఆ మాటే అందుకుంది. ఆమెను పిలవడం మానేశారు. డాక్టరు అడిగినవి నేనెవరికీ చెప్పలేదు.

నెల తిరిగాక జగ్గమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. సగానికి సగం అయిపోయింది మనిషి.

“సదువుకున్నోడివి బాబూ, నిజం సెప్పు. నా సేతుల్నోనే ఏటైనా ఉన్నాదేటి? నా వల్లే పోనాడా?”

వెనకాల తవిటమ్మ నిలబడి వింటోంది. నేను వద్దన్న వెంటిలేటర్లు, పూసిన రంగు, తీయని అద్దం అన్నీ గొంతుదాకా వచ్చాయి.

“కుంపటి పెట్టింది నువ్వే కదా జగ్గమ్మా,” అన్నాను.

“అవున్ బాబూ. నానే ఎట్టినాను,” అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె ఏ బిడ్డకూ నీళ్లు పోయలేదు. కిందటేడు సొంత మనవరాలికి ఆడపిల్ల పుడితే, ఎత్తుకోమని ఇవ్వబోయారట. చేతులు వెనక్కి పెట్టుకుని దూరం నుంచే చూసిందట. ఆ చేతుల్లో ఏ దోషమూ లేదని చెప్పాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె ఇల్లు మా వీధి చివరే. ఇంకా వెళ్లలేదు.