మిగిలిన గోడ

దెయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. మొయినాబాద్ పక్కన మా హిమాయత్‌నగర్‌లో ఫ్యాన్ కిర్రుమన్నా గుమ్మానికి నిమ్మకాయ కడతారు. నేను ఆ నిమ్మకాయతో షర్బత్ చేసుకుని తాగే రకం. ఇప్పటికీ దెయ్యం ఉందని అనడం లేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

మా బాపు వయసులో ఉన్నప్పుడు మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఇళ్లకు సున్నం వేసేవాడు. ఇప్పుడు మతిమరుపు. ఒకచోట కుదురుగా కూర్చోడు. పని మిగిలిందంటూ తలుపు తీసుకుని వెళ్లిపోతాడు. ఒకసారి చేవెళ్ల రోడ్డు మీద లారీ కింద పడబోతుంటే ఎవరో షేర్ ఆటో నడిపే అన్న పట్టుకుని తెచ్చాడు. అప్పటి నుంచి గేటుకు తాళం. నా ప్రాణమంతా ఆ తాళం మీదే.

మా మేడ మీద గదిలో ఒక చిత్రకారుడు కొన్నాళ్లు కిరాయికి ఉన్నాడు. దేశాలు తిరిగి బొమ్మలు వేసే మనిషి. ఖాళీ చేసి వెళ్తూ గ్రీసు దేశపు దీవి బొమ్మ ఒకటి ఇచ్చాడు. నీలం సముద్రం, కొండ వాలున తెల్లటి ఇళ్లు, చివర్న రెండు బూడిదరంగు గోడలు. నీటిరంగుల్లో తెలుపంటే రంగు తగలని కాగితమేనట. ఒకసారి రంగు పడితే మళ్లీ ఆ తెలుపు రాదని చెప్పాడు.

దాన్ని బాపు మంచానికి ఎదురుగా తగిలించి, ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నాను. బాపు చూసి మొహం చిట్లించాడు.

"గా రెండు గోడలు ఇడిసిపెట్టిండ్రేంది? గిట్లనేనా పని జేసేది?"

నాకు నవ్వొచ్చింది.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. గేటు తాళం వేసినట్టే ఉంది. ఇల్లంతా వెతికాను. నీళ్ల సంపులోకి కూడా తొంగి చూశాను. తిరిగి గదిలోకి వస్తే బాపు మంచం మీదే కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా సున్నం, పచ్చి తడి.

"కొబ్బరినూనె తే బిడ్డా, చేతులు మండుతున్నయి."

మా ఇంట్లో చిటికెడు సున్నం కూడా లేదు. చుట్టుపక్కల అన్నీ పెయింటు గోడలే. తలెత్తి చూస్తే బొమ్మలో ఒక బూడిద గోడ తెల్లగా ఉంది. ఫోన్‌లోని ఫొటోలో రెండూ బూడిదరంగులోనే ఉన్నాయి. ఇప్పుడున్న బొమ్మను కూడా ఫొటో తీసి, రెండు ఫొటోలూ చిత్రకారుడికి పంపాను. తమాషా చేస్తున్నారా అని అడిగాడు.

ఆ రాత్రి బాపు హాయిగా నిద్రపోయాడు. తర్వాత తలుపు వైపు పోవడం మానేశాడు. సంతోషపడాల్సిందే. కానీ ఒకరోజు అన్నం తింటూ అన్నాడు:

"ఇంకొక్క గోడే బిడ్డా. గదైతే ఇగ పోవుడే."

వెంటనే లేచాను. బొమ్మ తీసి బీరువాలో పెట్టాను. బాపు మళ్లీ తలుపు దగ్గర నిలబడి, పనికి ఆలస్యమవుతోందని పసిపిల్లాడిలా ఏడ్చాడు. చూడలేక మళ్లీ తగిలించాను.

ఇదంతా ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. రోజూ లేవగానే బాపు మొహం కంటే ముందు ఆ గోడనే చూస్తున్నాను. ఇవాళ్టికి ఇంకా బూడిదరంగులోనే ఉంది.