సత్తెమ్మ చూసిన రాజమండ్రి

రాజమండ్రికి చాలామంది చాలా పనుల మీద వెళతారు. గోదావరి స్నానానికి కొందరు, బట్టల కొట్లకు కొందరు, పాపికొండల లాంచీ ఎక్కడానికి కొందరు. జ్వరమొస్తే ఆ ఊళ్లో ఎవరు చూస్తారు, ఇల్లంటుకుంటే ఎవరొస్తారు, ఉత్తరం ఎక్కడ వేయాలి అని తనిఖీ చేయడానికి వెళ్లిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆమె పేరు సత్తెమ్మ. రావులపాలేనికి దిగువన, వశిష్ఠ గట్టు మీద ఉన్న ఒక జాలరిపేటలో ఉంటుంది. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లంట చేపలమ్ముతుంది. ఆ పేట బడిలో నేను టీచర్ని.

సత్తెమ్మ కూతురు నూకరత్నం ఏడో తరగతి పరీక్షలో మా మండలంలోనే మొదటి మార్కు తెచ్చుకుంది. ఎనిమిదో తరగతికి ఏరు దాటి వెళ్లాలి. వరదల్లో పడవ తిరగదు. మా పేటలో ఆడపిల్లల చదువు ఏటా ఆ రేవు దగ్గరే ఆగిపోతుంది. దగ్గర్లో ఉన్న హాస్టళ్లన్నీ నిండిపోయాయి. రాజమండ్రిలో ఒక ప్రభుత్వ బాలికల హాస్టల్లో ఒక ఖాళీ ఉందని తెలిసి, నేను పొంగిపోయి పరుగున వెళ్లి చెబితే, సత్తెమ్మ నెత్తి మీద గంప దించకుండానే అంది:

"నా పిల్ల ఉండే ఊరు నేను చూడాలా వద్దా అండి? చూసేక చెబుతాను పంతులమ్మగారండి."

అలా బయలుదేరింది మా ప్రయాణం. పాత రైలు వంతెన మీద బళ్లు ఆపేసిన మరుసటి ఏడు, గోదావరికి వరద ఎర్రనీరు తగిలిన రోజులు.

తెల్లవారి ఐదున్నరకు గట్టు మీదికి వచ్చేసరికి తల్లీ కూతుళ్లు సిద్ధంగా ఉన్నారు. నూకరత్నం చేతిలో రేకుపెట్టె, సత్తెమ్మ చేతిలో ప్లాస్టిక్ బుట్ట. బుట్టలో అరిటాకు చుట్టి, ఎర్రనీటికి ఎదురీది వచ్చే పులస చేప ఒకటి.

"ఇదెందుకు సత్తెమ్మా?"

"ఆపీసరమ్మ దగ్గరికి ఉత్త చేతుల్తో ఎల్తామా అండి?"

పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు మా వైపు. అది తినేవాళ్ల సామెత. పట్టేవాళ్లు పులస తినరు, అమ్ముకుంటారు. ఆ ఏడాది సత్తెమ్మ తమ్ముడి వలలో పడిన మొదటి చేప అది. అమ్మితే ఆ ఇంటికి నెల గడిచేది. వద్దని చెప్పబోయి ఊరుకున్నాను. పులసకు కదలని ఫైలు మా జిల్లాలో లేదని నాకూ తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా బదిలీ కాగితం కదలనిది పులస ఇవ్వకపోవడం వల్లేనని మా హెడ్మాస్టారు ఇప్పటికీ అంటారు.

రావులపాలెం సెంటరుకు ఆటోలో వెళ్లాం. అరటి మార్కెట్టు అప్పటికే ఊపు మీద ఉంది. సైకిళ్లకు రెండు వైపులా గెలలు కట్టుకుని మనుషులు వంగిపోయి తోసుకొస్తున్నారు. సత్తెమ్మ ఊకలో పెట్టిన ఐసు ముక్క ఒకటి కొని బుట్టలో సర్దింది. ఆరున్నరకు రాజమండ్రి బస్సు. మేము ఎక్కబోతుంటే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చేపల బుట్టలు కుదరవు. దిగు, దిగు."

"ఆయ్, పులసండి బాబూ."

"పులసా? ఆ మాట ముందు చెప్పొద్దా? ఇటివ్వు."

బుట్టను జాగ్రత్తగా అందుకుని తన సీటు పక్కన, నీడ ఉన్న చోట పెట్టుకున్నాడు. పక్క సీటాయన అరిటాకు కొంచెం తొలగించి చూసి, కిలోన్నర ఉంటుందా అని అడిగాడు. వేమగిరి దాకా వాళ్లిద్దరూ పులస పులుసులో బెండకాయ వేయాలా వద్దా అని వాదించుకున్నారు. సత్తెమ్మ గంటసేపూ కడ్డీ పట్టుకుని నిలబడింది. చేపకు సీటు దొరికింది గానీ ఆమెకు దొరకలేదు.

ఏడున్నర దాటాక బస్సు కాంప్లెక్సులో దిగి, టీ తాగి, నేరుగా హాస్టలుకు వెళ్లాం. దాని పేరు రాయను. రాస్తే, మిగతావన్నీ బాగున్నాయని పాఠకులు అనుకోగలరు. గేటు దగ్గర వాచ్‌మన్, వార్డెన్‌గారు మీటింగుకు వెళ్లారని, నాలుగింటికి గానీ రారని చెప్పాడు. పెట్టె అక్కడ ఉంచనిచ్చాడు. బుట్టను మాత్రం సత్తెమ్మ వదల్లేదు.

"మంచిదే అయ్యిందండి. ఊరు చూద్దాం," అంది.

మొదట పెద్దాసుపత్రి. వరండా నిండా జనం. మంచానికి ఇద్దరు పడుకున్నారు, మంచం దొరకనివాళ్లు కింద చాపలు పరుచుకున్నారు. పిల్లల వార్డు ఎక్కడని సత్తెమ్మ ఒక నర్సును అడిగితే, "ముందు చీటీ రాయించుకో" అని ఆవిడ ఆగకుండా వెళ్లిపోయింది. జబ్బు లేకుండా వార్డు చూడటానికి చీటీ ఎక్కడ రాస్తారో నాకూ తెలియలేదు. అక్కడ కూర్చున్న ఒక లంక గ్రామం ఆవిడ, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, "డాక్టరుగారు మంచోరేనమ్మా, దొరికితే," అంది. సత్తెమ్మ కాసేపు ఆ పిల్లాణ్ని చూసింది.

"నా పిల్లకి జరమొస్తే నాకు కబురెట్టించండి. నేనే వచ్చి తీసుకుపోతాను," అంది బయటికి వచ్చాక. ఊరు మొదటి పరీక్ష తప్పింది.

పోస్టాఫీసులో కొంత నయం. కౌంటరు వెనక పెద్దాయన ఓపిగ్గా, ఇవాళ వేసిన కార్డు రెండో రోజుకు మా పేటకు వస్తుందని చెప్పాడు. మా పేటకు పోస్టుమాన్ వారానికొకసారి వస్తాడన్న సంగతి ఆయనకు నేను చెప్పలేదు. సత్తెమ్మ పది కార్డులు కొని నూకరత్నం చేతికిచ్చింది. చదవడం రాని తల్లికి అవి ఎవరు చదివి పెడతారని నూకరత్నం అడగలేదు. నేనే కదా చదవాలి.

అక్కడి నుంచి అగ్నిమాపక కేంద్రం. ఎర్రబండి చూడాలని పిల్ల ముచ్చటపడింది. షెడ్డు ఖాళీగా ఉంది. బనీనుతో కూర్చున్న ఒకాయన నవ్వాడు.

"బండి లేదమ్మా. ఎవరో పెద్దాయన వస్తన్నారని రోడ్డు కడగడానికి పంపారు."

"ఈలోగా ఎక్కడన్నా అంటుకుంటేనండి?" అంది సత్తెమ్మ.

"పెద్దాయన వెళ్లేదాకా ఆగాలి మరి."

ఆయన హాస్యానికే అన్నాడు. సత్తెమ్మది తాటాకిల్లు. రెండుసార్లు కాలి లేచిన ఇల్లు. ఆమె నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు.

పన్నెండు దాటాక మెయిన్ రోడ్డులో భోజనానికి వెళ్లాం. బుట్ట లోపలికి తేవద్దన్నారు. బయట పెడితే పోతుందని సత్తెమ్మ భయం. అందుకని వంతులేసుకుని తిన్నాం. ముందు నేనూ నూకరత్నం, తర్వాత ఆమె. నేను బుట్ట పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డ ఆ పావుగంటలో, దారిన పోయేవాళ్లు ముక్కు మూసుకుని నా వైపు చూసిన చూపు నాకు కొత్త. సత్తెమ్మకు రోజూ ఉండేదే.

ఎండ చురుక్కుమంటోంది. సోడా కొట్టులో మళ్లీ ఐసు అడిగి వేసుకుని గ్రంథాలయానికి వెళ్లాం. తల్లి అరుగు మీద నీడన కూర్చుంది. నూకరత్నం లోపలికి అడుగుపెట్టి, కప్పు దాకా ఉన్న బీరువాలు చూసి, "ఇవన్నీ ఎవరైనా చదవొచ్చాండి?" అని నా చెవిలో అడిగింది. చదవొచ్చన్నాను. ఒక భూగోళం పుస్తకం తీసుకుని గంటసేపు తల ఎత్తలేదు. ఆ రోజు మొత్తమ్మీద నాకు సంతోషం కలిగింది ఆ గంటే. బయటికి వచ్చి తల్లికి, నైలు నది సముద్రంలో కలిసేచోట కూడా మనలాగే డెల్టా ఉందంట అని చెప్పింది. సత్తెమ్మ వింది. "ఈ ఊళ్లో ఇదొక్కటీ బాగుందండి," అంది.

రేవు పక్కనే కనుక అటు కూడా నడిచాం. ఎర్రటి నీరు మెట్లు ముంచేసి పారుతోంది. బళ్లు లేని పాత వంతెన ఖాళీగా నిలబడి ఉంది. సత్తెమ్మ వంగి నీళ్లు నెత్తిన చల్లుకుని, కూతురి నెత్తినా చల్లింది. నాలుగు కావస్తోందని నేను తొందరపెట్టాను.

వార్డెన్‌గారు వచ్చి ఉన్నారు. ఆమె ఉండేది హాస్టలు వెనక భాగంలోనే. నలభై ఏళ్లుంటాయి, మాట మెత్తన. మొదట ముఖం ముడుచుకుని, "ఇప్పుడా రావడం? ఖాళీకి చాలామంది అడుగుతున్నారు," అన్నారు. నేను మార్కుల కాగితం తీయబోతున్నాను. ఈలోగా సత్తెమ్మ బుట్ట ముందుకు జరిపి అరిటాకు విప్పింది.

"అయ్యో, పులసా? ఇంత తాజాగానా? ఎందుకమ్మా ఇదంతా," అంటూ వార్డెన్‌గారు లేచి నిలబడ్డారు. మళ్లీ వెంటనే, "అయితే ఈ వేళలో దీన్ని ఎవరు బాగు చేస్తారు? మా వంటామె చేప ముట్టదు. ఏమ్మాయ్, నీకు వచ్చు కదా? మీ వాళ్లకు పుట్టుకతోనే వస్తుంది."

నూకరత్నం తల్లి వంక చూసింది. పిల్ల పొద్దున వేసుకున్న కొత్త పావడా ఎగదోపుకుని, పెరట్లో కత్తిపీట ముందు కూర్చుంది. పొలుసు తీసి, బూడిదతో రుద్ది, గుడ్లు చెదరకుండా విడదీసి, ముక్కలు కోసింది. హాస్టలు పిల్లలు ఆరేడుగురు చుట్టూ చేరి చూశారు. నూకరత్నం వాళ్లకు మొదటిసారి కనిపించింది అలా.

"అబ్బ, ఆ చెయ్యి చూడండి టీచరుగారూ. సీటు ఇచ్చేశానండి. ఇక ఆదివారాలు నాకు దిగుల్లేదు," అన్నారు వార్డెన్‌గారు.

నాకు ఒళ్లు మండింది. "మేడం, ఈ అమ్మాయి మా మండలంలో ఫస్టు," అన్నాను.

"మంచిదే కదండి. చదువుకునే పిల్లలు పని కూడా శుభ్రంగా చేస్తారు."

ఆవిడ వెటకారమాడలేదు. మెచ్చుకున్నారు. సంతకాలు చకచకా అయిపోయాయి. మార్కుల కాగితం నా సంచీలోనే ఉండిపోయింది.

సత్తెమ్మ వంటామెను అడిగి చింతపండు పిప్పి తెచ్చుకుంది. కూతుర్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్లి రెండు చేతులూ రుద్ది కడిగింది. వాసన చూసి మళ్లీ రుద్దింది. ఒక్కొక్క వేలూ విడిగా కడిగింది.

"ఉంటావా, ఇంటికొచ్చేత్తావా?" అని అడిగింది.

"ఉంటానమ్మా. ఇక్కడ బడి ఉంది కదా," అంది నూకరత్నం. అని తల వంచుకుంది.

ఆరున్నరకు మాకు దొరికిన బస్సు ధవళేశ్వరం మీదుగా, ఆనకట్ట దాటి ఆత్రేయపురం నుంచి రావులపాలెం వెళ్లేది. ఈసారి సీట్లు ఖాళీగా ఉన్నాయి. సత్తెమ్మ కిటికీ పక్కన కూర్చుని, ఖాళీ బుట్టను ఒళ్లో పెట్టుకుంది. బొబ్బర్లంక దాటాక నేనే ఉండబట్టలేక, ఎలాగైనా చదువు సాగుతుంది, అది గొప్ప కాదా అన్నాను.

"గొప్పేనండి. దాన్ని చేపల కంపులోంచి బయట పడెయ్యాలనే కదండి ఇంత దూరం వచ్చాం. ఆసుపత్రి చూశాను, పోస్టాపీసు చూశాను. భయమేసినా పర్లేదనుకున్నాను. తీరా చూస్తే భయపడాల్సింది నా చేతిలో బుట్టకండి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "చేప నేను పట్టుకెళ్లకపోతే, దానికి చేప తోమడం వచ్చని ఆవిడకు ఎలా తెలుస్తాదండి?"

తెలియకపోయినా కాగితాల్లో పేట పేరు చూసి ఆవిడ అడిగేవారే అన్నాను. ఆ మాట ఆమె నమ్మలేదు. నేనూ పూర్తిగా నమ్మలేదు.

రాజమండ్రి చూడదగిన ఊరే. రావులపాలెం నుంచి బస్సులు బాగానే ఉన్నాయి, గ్రంథాలయం చల్లగా ఉంటుంది, రేవులో స్నానానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ బిడ్డను చదువుకు వదిలి రావడానికి వెళ్లే తల్లులకు నాది ఒకటే మాట. ఉత్త చేతుల్తో వెళ్లండి. మార్కుల కాగితం ఒక్కటి పట్టుకెళ్లి, వార్డెన్ అది చదివేదాకా ఆ గుమ్మంలోంచి లేవకండి. మేము లేచి వచ్చేశాం.