దారి తప్పిన పన్ను

గోపాలపట్నంలో జాకెట్లు కుట్టే తాయారుకు ముప్పై మూడేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఎడమవైపు నమిలి ఎరగదు. ఏడో ఏట ఆ వైపు కింది దవడలో వెనక పన్ను పుచ్చితే తండ్రి వరహాలు పీకించుకొచ్చాడు. "పాలపన్నేనే. మల్లీ వచ్చెత్తాది" అన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటి పెంకుల మీదికి విసిరారు. ముందు పళ్ళూ అలా విసిరినవే, అన్నీ వచ్చాయి. ఇదొక్కటే రాలేదు.

పిచ్చిది, ఎదురుచూసింది! నాన్న మాటంటే దానికి వేదం. ఇరవై రెండో ఏట దవడ చివర జ్ఞానదంతం పొడుచుకొస్తే, ఇదే అదనుకుని పరుగెత్తుకెళ్ళింది. "నాన్నా, వచ్చీసింది!"

"సెప్పాను కదేటి? దారి తప్పి ఎనక్కొచ్చింది" అని నవ్వాడా మహానుభావుడు. ఆ సంబరంలో తాయారు చుట్టుపక్కల వాళ్ళకి పకోడీలు వేసి పెట్టింది.

ఇప్పుడు కూతురు నీలిమకు ఏడేళ్ళు. పోయిన సోమవారం సరిగ్గా అదే పన్ను సలిపి పిల్ల అన్నం మానేసింది. "పాలపన్నే కదే, డాక్టరెందుకు, కాంపౌండరు సేత పీకించీ" అన్నాడు వరహాలు, టీ గ్లాసులోంచి తలెత్తకుండా. పీకించడమే అయినా తాయారు పిల్లని ద్వారకా నగర్‌లో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి కసురుకుంది. "ఇది పాలపన్ను కాదమ్మా. ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే వెనకాల కొత్తగా వస్తుంది. అందుకే అందరూ పాలపన్ననుకుంటారు. పీకితే మళ్ళీ రాదు." పుచ్చు తీసి నింపుదాం, మూడుసార్లు రావాలంది.

తాయారు నాలుక తన ఎడమ దవడలోని ఖాళీని తడుముకుంది. పాపం, నాన్నకీ తెలిసుండదు, చదువుకోనివాడు అని బస్సులో దారంతా ఆయన తరఫున తనే వాదించుకుంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే వరహాలు ఆశ్చర్యపోలేదు.

"నీకు ముందే తెలుసా, నాన్నా?"

"అప్పుడే సెప్పేరు డాక్టరు. నాలుగుసార్లు తిరిగితే పన్ను నిలబడతాదన్నారు. ఆటోనగర్ షెడ్డులో కొత్తగా సేరేను, నాగా పెడితే తీసీసీవోరు. నువ్వు ఏడుత్తావని అలా సెప్పేను."

"సరే, అప్పుడు నీకు పని ముఖ్యం. మరి మొన్న సోమవారం మాటేటి? దీని పన్నూ పీకించీమన్నావు కదా!"

"డాక్టరు సూత్తే నా అబద్ధం నీకు తెలిసిపోతాదని బయమేసింది" అన్నాడు వరహాలు.

తాయారుకు ఒళ్ళు మండిపోయింది. తన పన్ను పోతే పోయింది. పాత అబద్ధం దాచుకోవడానికి పసిదాని పన్ను పోయినా ఫర్వాలేదనుకున్నాడా ఈయన! ఈయన మాట నమ్మి పకోడీలు కూడా పంచింది కదా తను, ఛీ.

బుధవారం నీలిమకు ముందు పన్ను ఊడింది. ఎప్పటిలాగే పేడముద్దతో తాత దగ్గరికి పరుగెత్తింది. "తాతా, ఇది మల్లీ వత్తాదా?"

వరహాలు ముద్ద కోసం చెయ్యి చాచాడు. తాయారు మిషను ఆపి లేచొచ్చి, ఆ ముద్దని పిల్ల చేతిలోంచి తనే అందుకుంది.

"వత్తాది. పళ్ళ సంగతి నన్నడుగమ్మా, తాతనడక్కు."