సముద్రంలో పారబోసిన మంచినీళ్లు

ఆదోనిలో ఏ నూనె మిల్లులో బాయిలరు మొరాయించినా ఇస్సాకునే పిలిచేవాళ్లు. ఈ సంగతి ఎవరూ అడక్కపోయినా ఇస్సాకే చెబుతాడు. తన గొప్ప తాను చెప్పుకోవడానికి అతనికి ఏనాడూ మొహమాటం లేదు. తను పనిచేసే మిల్లు మూతపడ్డాక, కాకినాడ అవతల సముద్రంలో ముడిచమురు తీసే ప్లాట్‌ఫాం మీద కాంట్రాక్టు పని దొరికింది. "పత్తిగింజల నూనె నించి సముద్రం నూనెకు పోతాండా, అంతే!" అని వీధంతా చెప్పి మరీ బస్సెక్కాడు.

తీరా చూస్తే అక్కడ అతని పని నూనెతో కాదు, నీళ్లతో. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం అప్పజెప్పారు. ఆ నీళ్లు మనుషులు తాగాలి, వాటితోనే ముడిచమురులోని ఉప్పు కడగాలి, మందులు కలపాలి. యంత్రంలో ఉప్పు పేరుకోకుండా ఇంకో మందు చుక్కచుక్కగా పడుతుండాలి. పత్తి చేనుకు మందు కొట్టినవాడికి ఇదో లెక్కా? "తక్కువైతే పురుగు, ఎక్కువైతే మాడు" అని మొదటి రోజే అక్కడివాళ్లకు పాఠం చెప్పాడు.

రెండో విడత డ్యూటీకి నీళ్లు తగ్గిపోయాయి. మందు పెంచినా లాభం లేకపోయింది. స్నానాలకు కోత పడింది. ఇన్‌చార్జి సామ్సన్ అతని మొహం మీదే చెప్పేశాడు. "ఈ వారంలో నీళ్లు పెరగకపోతే నిన్ను ఒడ్డుకు పంపేస్తానయ్యా."

ఇస్సాకుకు కారణం తెలుసు. యంత్రం ఆపిన ప్రతిసారీ, లోపల మిగిలిన ఉప్పు పోయేలా కాసేపు మంచినీళ్లు పారించి సముద్రంలోకి వదలాలి. ఇస్సాకు సగంలోనే వాల్వు కట్టేసేవాడు. అన్ని నీళ్లు కళ్లముందే సముద్రం పాలవుతుంటే చెయ్యి ఆగేది కాదు. చెంబుడు నీళ్లు ఒలకబోసినందుకు అమ్మ మద్దమ్మ చేతిలో వీపు వాచినవాడు మరి!

నేరుగా వెళ్లి సామ్సన్‌తో, "సార్, తప్పు మందుది కాదు, నాది" అని చెప్పేశాడు.

సామ్సన్ కడుపారా తిట్టి, యంత్రాన్ని మందునీళ్లతో కడిగించాడు. "రేపు ఆపినప్పుడు నీళ్లు పూర్తిగా వదులు. మళ్లీ సగంలో కట్టేశావో, బ్యాగు సర్దుకో."

సరేనన్నాడు గానీ, ఇస్సాకుకు మొదటిసారి తన చేతిమీద తనకే నమ్మకం చాలలేదు. మర్నాడు వాల్వు దగ్గరికి వెళ్లేముందు అమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మంచినీళ్లు సముద్రంలో పోయల్లంటాండారా? వాళ్లకేమన్నా బుద్ది ఉందా?" అని మద్దమ్మ మండిపడింది.

"పోయకుంటే మిషన్ సెడిపోతాది మా. నన్ను ఇంటికి తరుముతారు."

ఆదోనిలో అప్పుడే కొళాయి వచ్చినట్టుంది, బిందెల చప్పుడు వినబడుతోంది.

"శానా పోయల్లనా?"

"శానా మా."

"సెంబుడు నీళ్లకు నిన్ను కొట్టిందాన్ని, నేనే సెప్తాండా. పోసెయ్ నాయనా. సముద్రం పుట్టినకాడి నించి ఉప్పునీళ్లే తాగుతాంది గదా, దానికీ దప్పికయి ఉంటాది."

ఇస్సాకు పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. వెళ్లి వాల్వు తిప్పి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆఖరి దాకా అక్కడే నిలబడ్డాడు.