విరగని గాజు

నా చిన్నప్పుడు నాచారంలో ఇళ్లకన్నా ఖాళీ జాగాలే ఎక్కువ. మా అమ్మమ్మ ఇంటి వెనక తలుపు తీస్తే ఎదురుగా ముళ్లకంపలూ బండరాళ్లూ ఉన్న మైదానం, దాని అవతల ఒక గోదాము తెల్లటి గోడ కనిపించేవి. ఆ గోడకూ మా వెనక అరుగుకూ మధ్య యాభై మీటర్లు ఉంటుందని మా మేనమామ ఒకరోజు అడుగులు వేసి తేల్చాడు. ఆ దూరంతో ఆయనకు పని ఉంది. ఆయన రైఫిలుతో గురిచూసి కాల్చే పోటీలన్నీ ఆ దూరంలోనే జరిగేవి.

మామ మా అమ్మకు తమ్ముడు. మల్లాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో తయారైన ఇనుప సామాన్లను కొలిచి, సరిగా ఉన్నవి ఒక పక్కకూ, తేడా ఉన్నవి ఇంకో పక్కకూ వేసే పని ఆయనది. వెంట్రుకవాసి తేడానైనా పట్టుకునే కన్ను అని తోటివాళ్లు అనేవారు. యుద్ధం తరువాతి రోజులవి. ఫ్యాక్టరీ కుర్రాళ్లకు రైఫిలు నేర్పించే క్లబ్బు ఒకటి పట్నంలో ఉండేది. మామ ప్రతి ఆదివారం సైకిలు మీద అక్కడికి వెళ్లి కాల్చి వచ్చేవాడు. రైఫిలు క్లబ్బులోనే ఉండేది. ఇంటికి వచ్చేవి చిల్లులు పడ్డ గురికాగితాలు మాత్రమే. నడుమ నల్లటి చుక్కలో చిల్లులన్నీ ఒకదానిమీద ఒకటి పడితే, దాన్ని నాకిచ్చి, "కోడలా, దీంట్లకెల్లి సూస్తే ఒక్క సుక్కే కనబడాలె" అనేవాడు. నేను ఆ చిల్లుకు కన్ను ఆనించి ఆయన మొహాన్ని చూసేదాన్ని.

నా బడి చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయింది. కాని చదవడం ఆగలేదు. ఉప్పల్లోని గ్రంథాలయంలో నేను ముట్టని బీరువా లేదని ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను. ఈ సంగతి జరిగిననాటికి నాకు పదకొండేళ్లు, ఇంకా బడికి వెళుతున్నాను. ఈసారి మామూలు రైఫిలుతో కాకుండా, స్కోపు బిగించిన రైఫిలుతో కాల్చే పోటీలో దిగుతానని మామ ఇంట్లో చెప్పాడు. స్కోపంటే రైఫిలు మీద బిగించే చిన్న దుర్భిణి. కన్ను పెడితే లోపల కూడిక గుర్తులాగ రెండు సన్నటి గీతలు, వాటి వెనక దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తాయి. నేను వెంటనే గ్రంథాలయానికి వెళ్లి అద్దాల గురించీ దుర్భిణుల గురించీ దొరికినదంతా చదివి వచ్చాను. ఎన్ని ఇంతలు పెద్దగా చూపిస్తే అది అంత గొప్పదని నాకు అర్థమైంది.

క్లబ్బు పెద్దాయన్ని అందరూ మేజర్ సాబ్ అనేవారు. ఆయన దగ్గర రెండు స్కోపులు ఉండేవి. ఒకటి పొడుగ్గా, పదింతలు చూపేది. రెండోది పొట్టిగా, నాలుగింతలు మాత్రమే చూపేది. రెండూ ఇంటికి తీసుకెళ్లి చూసుకొని, నచ్చినది ఉంచుకొని రెండోది వచ్చే ఆదివారం తెచ్చివ్వమన్నాడు. మామ వాటిని తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు.

మర్నాడు పొద్దున మామకు సెలవు. వెనక అరుగు మీద ఇసుక నింపిన సంచి పెట్టి, దానిమీద స్కోపును కదలకుండా ఆనించాడు. అమ్మమ్మ పక్కనే చాటలో బియ్యం ఏరుతోంది.

"గా గొట్టంల ఏమున్నదిర, పొద్దుగాల్నుంచి గండ్లనే కన్ను పెట్టుకొని కూసున్నవు?"

"సందమామల కుందేలున్నదమ్మా. నువ్వు గూడ సూడు."

"నాకు శాటల రాళ్లు కనబడ్తె సాలు తియ్."

ముందు నన్ను చూడమన్నాడు. గోదాము గేటు మీది బోర్డు వైపు పొడుగు స్కోపు తిప్పి, చదవమన్నాడు. అనుమతి లేనిదే లోపలికి రారాదు అని గడగడా చదివేశాను. మామ నవ్వాడు.

"నువ్వు సదువలే బిడ్డా, యాదికి తెచ్చుకున్నవ్. దినాం గా బోర్డు ముంగట్నుంచే పోతవు గద. గట్లయితె అద్దం మంచిదో కాదో ఎట్ల ఎరుకైతది? తెల్వని దాన్ని సూడాలె. కనబడ్డదే చెప్పాలె. కనబడకుంటె కనబడలేదని చెప్పాలె. గండ్ల సిగ్గేం లేదు."

తెలియని దాన్ని ఎక్కడ తేవడం? అందుకు ఆయనే ఒక ఉపాయం పన్నాడు. ముందురోజు బిందె తగిలి అమ్మ నల్లగాజు ఒకటి చిట్లి, వేలెడు ముక్క ఊడిపోయింది. ఆ విరిగిన గాజును తీసుకెళ్లి గోదాము గోడకు మైనంతో అంటించాడు. ఇరిగిన గాజు గోడకు పెడ్తర్రా అని అమ్మమ్మ కేకేసినా వినలేదు. గాజును ఆయన తిప్పి పక్కకు జరగాలి. విరిగిన వైపు ఎటు ఉందో నేను స్కోపులో చూసి చేత్తో చూపించాలి. పైకి, కిందికి, ఎడమకు, కుడికి.

పొడుగు స్కోపులో గాజు పెద్ద చక్రమంత కనబడింది. అయితే కన్ను కొంచెం జరిగితే చాలు, అంతా చీకటి. ఎండ ఎక్కినకొద్దీ నేలమీంచి లేచే సెగ కూడా పదింతలై, గాజు నీళ్లలో ఉన్నట్టు ఊగింది. తల అటూ ఇటూ కదిపితే లోపలి గీతలు గాజు మీది నుంచి జారిపోయేవి. రెండుసార్లు తప్పు చూపించాను. పొట్టి స్కోపులో గాజు చిన్నదే, కాని గోడలో పొదిగినట్టు నిలబడింది. తల కదిపినా గీతలు జరగలేదు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. పుస్తకంలో చదివినదానికి ఇది సరిపోలేదని కాసేపు మొహం ముడుచుకున్నాను. మామ వచ్చి పక్కన కూర్చుని, "పెద్దగ కనబడుడు ఏరే, సక్కగ కనబడుడు ఏరే" అన్నాడు. అప్పుడు నేను పొట్టిదే ఏరాను. ఏదో పరీక్ష పాసైనంత గర్వంగా ఉంది.

"ఇప్పుడు నువ్వు సూడు మామా. నేను తిప్పుత" అని మైదానంలోకి పరిగెత్తాను.

గాజు విరిగిన వైపు పైకి పెట్టి పక్కకు జరిగాను. అరుగు మీద మామ చెయ్యి పైకి లేచింది. కుడికి తిప్పాను. చెయ్యి కుడికి చాపాడు. కిందికి తిప్పాను. చెయ్యి కిందికి దిగింది. అన్నీ సరే. నాలుగోసారి ఎడమకు తిప్పబోతూ, నేను పైనుంచి మొదలుపెట్టి గడియారం ముల్లులాగ వరసగా తిప్పుతున్నానని గమనించాను. ఇలా అయితే చూడకపోయినా చెప్పొచ్చు కదా అనిపించింది. తెలిసింది కాదు, కనబడ్డది చెప్పాలన్న మాట ఆయనదే కాబట్టి, ఆయన్నే ఆటపట్టించాలని బుద్ధి పుట్టింది. అమ్మ గాజు తీసి జేబులో వేసుకొని, నా చేతికున్న నల్లగాజు ఊడదీసి ఆ మైనానికే అంటించాను. అది ఎక్కడా విరగలేదు. పైగా అమ్మ గాజుకన్నా చాలా చిన్నది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంటూ చూస్తున్నాను. మామ స్కోపులో చాలాసేపు చూశాడు. తరువాత ఆయన చెయ్యి నెమ్మదిగా ఎడమకు చాచాడు.

నేను కదలలేదు. ఏదో అనుమానం వచ్చినట్టుంది, మామ పొట్టి స్కోపు తీసి పొడుగుది పెట్టుకున్నాడు. మళ్లీ చూశాడు. మళ్లీ ఎడమకే చాచాడు. ఈసారి చేతిని ఇంకా గట్టిగా, నిటారుగా చాచాడు.

"రైటేనా బిడ్డా?" అని అరిచాడు.

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ మధ్య ఆయన ఇదివరకటిలా అమ్మమ్మ పక్కన బియ్యం ఏరడానికి కూర్చోవడం లేదు. పొద్దు గూకాక సైకిలు ఎక్కకుండా నడిపించుకొని వస్తున్నాడు. అవన్నీ నేను చూస్తూనే ఉన్నాను, దేనికీ అర్థం వెతకలేదు. గోడ దగ్గర నిలబడ్డప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. రైటే అని ఒక్క కేక వేస్తే చాలు. ఆయన సంతోషంగా స్కోపు ఉంచుకుంటాడు, వచ్చే నెల పోటీకి వెళతాడు. ఆ కేక నా గొంతు దాకా వచ్చింది కూడా. కాని కనబడకుంటే కనబడలేదని చెప్పాలన్నది ఆ పొద్దున్నే ఆయన నేర్పిన పాఠం. నేను మైదానం దాటి నడిచి వచ్చాను. అంత చిన్న దూరం నా జీవితంలో అంత పొడుగ్గా ఇంకెప్పుడూ లేదు.

"ఇరిగిన దిక్కే లేదు మామా. గది నా గాజు."

మామ స్కోపు నుంచి తల ఎత్తలేదు. అలాగే వంగి, "నీది సిన్నగుంటది గద. గది గూడ కనబడలే నాకు" అన్నాడు.

ఆర్నెల్లుగా చూపు నడుమ మబ్బులాంటిది కమ్ముతోందట. రైఫిలు ముందు భాగంలోని సన్నటి గురిముల్లు మాయమైపోతోందట. ఫ్యాక్టరీలో కొలిచే పని చేతి అలవాటుతో నెట్టుకొస్తున్నాడట. మంచి అద్దం దొరికితే మబ్బు తొలగిపోతుందని ఆయన ఆశ. ఇరవై ఇంతలు చూపేవి కూడా ఉంటాయట, పుస్తకంలో చదివాను, మేజర్ సాబ్‌ను అడుగుదామని నేను ఆదరాబాదరాగా చెబుతున్నాను. ఆయన నా తలమీద చెయ్యి వేశాడు.

"మబ్బు అద్దంల లేదు బిడ్డా."

నేను ఏడుస్తుంటే, తన తువ్వాలు కొసతో నా మొహం తుడిచాడు. అబద్ధం చెప్పి తనను పోటీకి పంపితే, రేపు తన గుండు ఎవరికైనా తాకితే ఏం చేసేవాళ్లమని అడిగాడు. నువ్వు చెప్పి మంచి పని చేశావన్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు. తనే లేచి, అప్పటికి లోపలికి వెళ్లిన అమ్మమ్మ దగ్గరికి వెళ్లాడు. నేను అరుగు మీదే ఉండిపోయాను. ఆయన ఏం చెప్పాడో వినబడలేదు. చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోవడం మాత్రం వినబడింది. తరువాత అమ్మమ్మ గొంతు, "రా కొడుకా, నా పక్కన కూసో."

ఆదివారం స్కోపులు తిరిగి ఇవ్వడానికి నన్ను కూడా తీసుకెళ్లాడు. ఏది పసందయిందని మేజర్ సాబ్ అడిగాడు. మామ పొట్టిదాన్ని ఆయన చేతిలో పెట్టి, "గిది మంచిది సాబ్. మా కోడలు ఏరింది. కండ్లు మంచిగున్న పిలగాడు ఎవలన్న ఉంటె వానికియ్యుండ్రి" అన్నాడు. ఆ పెద్దాయన ఆ స్కోపును పక్కన పెట్టి, పోయేముందు ఒక్క గుండు కాల్చి పొమ్మన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు. కనబడనిదాన్ని కాల్చొద్దని మీరే నేర్పారు కదా సాబ్ అన్నాడు. ఎన్నో ఏళ్లు చెంపకు ఆనించుకున్న ఆ రైఫిలు చెక్కను ఒకసారి అరచేత్తో నిమిరి, బయటికి నడిచాడు. ఆ రోజు సైకిలును నేనే నడిపించాను. ఆయన నా భుజం పట్టుకొని వచ్చాడు.

కంటి దవాఖానాలో నరం ఎండిపోతోందని చెప్పారు. రెండో కన్ను కూడా అప్పటికే అదే దారి పట్టిందన్నారు. ఫ్యాక్టరీ వాళ్లు కొన్నాళ్లు పెట్టెలు కట్టే పనికి మార్చారు. తరువాత ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. గ్రంథాలయం నుంచి తెచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆ తరువాత నేను రెండుసార్లు చదివాను, ఒకసారి నాకోసం, ఒకసారి పైకి ఆయన కోసం. అర్థం కాని చోట గొంతు పెంచి గబగబా దాటేస్తే వెంటనే పట్టుకునేవాడు. "గాడ నీకు కనబడలే. మళ్ల సదువు" అనేవాడు.

నా గాజును గోదాము గోడ నుంచి ఆయనే తెప్పించి, మా వెనక తలుపు పక్కన చేతికి అందే ఎత్తులో మేకు కొట్టి తగిలించుకున్నాడు. చూపు పూర్తిగా పోయాక తలుపు ఎక్కడుందో ఆయనకు ఆ గాజే చెప్పేది. లోపలికి వచ్చేటప్పుడల్లా వేలితో దాన్ని చుట్టూ తడిమేవాడు. మొత్తం తిరిగి వచ్చాక, "ఇరగలే" అని తనలో తను అనుకుని, గడప దాటేవాడు. నా పెళ్లినాడు అలా అనుకున్నాడు. అమ్మమ్మ పోయిననాడు కూడా అలాగే అనుకున్నాడు. నలభై నిండకముందే జ్వరంతో ఆయనా వెళ్లిపోయాడు. ఆయన్ని మోసుకెళుతున్నప్పుడు ఎవరి భుజమో తగిలి గోడమీద గాజు కాసేపు ఊగింది. నేను చేత్తో పట్టుకుని ఆపాను.

ఈమధ్య నా కళ్లకు కూడా పొర వచ్చింది. ఏఎస్ రావు నగర్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నాకన్నా ముందు లోపలికి వెళ్లినాయన గోడమీది అక్షరాలను పైకి చదువుతుంటే, బయట బెంచీ మీద కూర్చున్న నాకు అన్ని వరసలూ కంఠతా వచ్చేశాయి. నా వంతు వచ్చింది. కిందివరస చదవమంది డాక్టరమ్మ. కనబడలేదన్నాను. పర్లేదమ్మా, గెస్ చేసి చెప్పండి అంది. ఆ వరస నా నాలుక మీదే ఉంది.

కనబడలేదమ్మా అన్నాను మళ్లీ. బయటికి వస్తూ, తలుపు పక్క గోడను ఒకసారి వేళ్లతో తడిమాను.